మనోవ్యాధికీ ఔషధమున్నది



2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపాన ఒక ఆశ్రమంలో నిప్పంటుకున్నది. సంకెళ్లలో ఉన్న మనోరోగులు కదలలేకపోయారు. 28 మంది మరణించారు. వారిలో పలువురిని అక్కడ చేర్చినవారు శత్రువులు కారు, స్వస్థత కోరిన అయినవారే.

మన రామకుప్పంలోనైనా ఒకరికి మతి చలిస్తే జిన్ను పట్టిందంటాము. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని దాచుకుంటాము. కాస్త నెమ్మదించగానే మాత్రలు మాన్పిస్తాము, వ్యాధి తిరగబెడుతుంది. అల్లాహ్ వ్యాధితోపాటు ఔషధాన్నీ దించాడని, చికిత్స చేయించుకోవాలని ప్రవక్త (స) బోధించారు. మధుమేహానికి మందు వాడటం తవక్కుల్‌కు విరుద్ధం కానప్పుడు, దీనికి వాడటం ఎలా విరుద్ధమవుతుంది?

మతిస్థిమితం లేనివారిపై షరీఅత్ బాధ్యత మోపలేదు. అల్లాహ్ నిందించని వారిని నిందించడానికి మనమెవరము? రోగి తనకు జబ్బే లేదన్నా కొట్టరాదు, కట్టరాదు; ఓపికతో నచ్చజెప్పాలి. గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి చట్టమూ నిషేధించింది. బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నది. 14416కు ఫోను చేస్తే ఉచితంగా సలహా లభిస్తుంది.

దుఆ చేద్దాము, మందూ ఇప్పిద్దాము. అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, మనకు సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.