పోయిన పన్ను, నాటిన పన్ను

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ఉపన్యాసము)



“పండ్లున్నవానికి శనగలు లేవు, శనగలున్నవానికి పండ్లు లేవు” అని తెలుగునాట ఒక సామెత కలదు. కలిమికిని అనుభవమునకును పొత్తు కుదరదని చెప్పుటకు పెద్దలు ఈ మాటను వాడుదురు. కాని సామెతలోని రెండవ సగము ఎందరి విషయముననో అక్షరాల నిజము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఏ పల్లెకు పోయినను, బిడ్డలు చేతికందివచ్చి, ఇంట గింజలకు లోటు లేని వయస్సున, జొన్నరొట్టెను పప్పులో నానవేసి మెత్తబడువరకు వేచియుండు వృద్ధులు కనబడుదురు. ఇంట వేరుశనగలు వేయించినపుడు మనుమలు దోసిళ్లు పట్టుదురు. తాత మాత్రము “ఆకలి లేదు” అనును. ఆయనకు లేనిది ఆకలి కాదు, పండ్లు.

దీనిని వార్ధక్యధర్మమని సరిపెట్టుకొనుట లోకమున వాడుక. అది సరి కాదు. వెండ్రుక నెరయుట వయస్సువలన కలుగును; పన్ను ఊడుట మాత్రము చాలవరకు పిప్పివలనను, చిగుళ్ల జబ్బువలనను కలుగును. ఈ రెండును నివారింపదగినవే. నివారింపలేక పన్ను పోగొట్టుకొన్నవారికి, దవడయెముకయందే కొత్త వేరును నాటి దానిపై పన్నును నిలుపు విద్య నేడు కలదు. దానినే ఇంప్లాంటు అందురు. అది మేలైన విద్యయే. అయితే సంతలో కొని తెచ్చుకొను వస్తువువలె దానిని చూడరాదు. అంటు కట్టి, కనిపెట్టి, కాపాడుకొనవలసిన చెట్టువలె చూడవలెను. ఈ ఒక్క మాటను వివరించుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

పన్ను పోయినపుడు పోవున దేమి? మొదటిది నమలు శక్తి. రెండవది వాక్కు. త, థ, ద, ధ, న అను వర్ణములను వ్యాకరణము దంత్యములన్నది. నాలుక పంటికి తగిలి అవి పుట్టుటయే కారణము. ‘చాప’, ‘జాడ’ వంటి తెలుగు మాటలలో వినబడు దంత్య చకార జకారములును అట్టివే. ముందరిపండ్లు లేనివాని నోట ఈ వర్ణములు జారిపోవును. గ్రంథాలయపు అరుగుపై కూర్చుండి పదిమందికి పత్రిక చదివి వినిపించు పెద్దమనిషి, పండ్లు పోయిన పిదప “చూపు ఆనుట లేదు” అని పత్రికను పక్కవాని చేతికిచ్చును. చూపు బాగుగనే ఆనును. మాట తడబడునేమో యను సంకోచము ఆయనచేత అట్లనిపించును.

మూడవ నష్టము కంటికి కనబడనిది. పంటివేరు ఉన్నంతకాలము నమలునపుడు కలుగు ఒత్తిడి ఎముకకు అందుచుండును. ఆ పనియే ఎముకను నిలుపును. వేరు పోయినచోట ఎముక కరగనారంభించును. పన్ను తీసిన సంవత్సరములోపలనే ఆ చోట దవడగట్టు వెడల్పు సగము వరకు తగ్గవచ్చును. జమ్మలమడుగు చెంత పెన్నానది కోసిన లోయ అంచున గండికోట నేటికిని నిలిచియున్నదన్న, క్రింది బండ గట్టిదగుటచేతనే. బోసినోటివారికి బుగ్గలు లోనికిపోయి, గడ్డము ముక్కునకు చేరువగుట, అడుగునున్న ఆ బండ కరగినందువలననే.

ఇందుకు పూర్వమునుండి రెండు ఉపాయములు కలవు. ఒకటి కట్టుడు పళ్లు. ఇవి చిగురుపై కూర్చుండునే కాని ఎముకను పట్టవు. వీనితో కలుగు కొరుకు బలము సహజదంతముల బలములో సుమారు నాలుగవ వంతు మాత్రమే. పైదవడ పలక అంగిలిని అంటి నిలుచును. క్రిందిది నాలుక కదలికతో లేచిపోవుచుండును. రెండవది బ్రిడ్జి. పోయిన పంటికి ఇరువైపులనున్న పండ్లను అరగదీసి, వానిపై తొడుగులు వేసి, నడుమ పన్నును నిలుపుదురు. ఇది స్థిరమే, అయితే ఒక పంటికొరకు ఆరోగ్యముగానున్న రెండు పండ్లను అరగదీయవలసివచ్చును.

దవడలోనే ఏదైన నాటవలెనన్న కోరిక మానవునకు ప్రాచీనమైనది. 1931లో మధ్య అమెరికాలోని హోండురాసు దేశమున మాయాజాతివారి దవడయెముక ముక్క యొకటి దొరకినది. సుమారు క్రీ.శ. 600 నాటిదని చెప్పబడు ఆ దవడలో, మూడు ముందరిపండ్ల స్థానమున పంటి ఆకారముగా చెక్కిన ఆలుచిప్ప ముక్కలు నాటబడియున్నవి. క్రీస్తుకు పూర్వము ఇటలీలో నివసించిన ఎట్రుస్కనులు బంగారు పట్టీలతో పండ్లను బిగించుకొనిరి. బంగారపు వ్యాపారమునకు పేరెన్నికగన్న ప్రొద్దుటూరివంటి పట్టణమున, బంగారమును మించిన లోహము కలదన్న నవ్వు రావచ్చును. కాని దవడ విషయమున మాట అదియే. బంగారము పంటిపై తొడుగుగా వన్నెకెక్కినది. ఎముకతో కలిసిపోయి వేరుగా నిలుచు గుణము మాత్రము దానికి లేదు.

ఆ గుణము టైటానియమునకు కలదని తెలిసినది తలవని తలంపుగా. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు పెర్ ఇంగ్వార్ బ్రానెమార్క్, 1952లో కుందేటి ఎముకలో రక్తము ప్రవహించు తీరును పరిశీలించుటకు చిన్న టైటానియపు గొట్టములను అమర్చెను. పని ముగిసిన పిదప వానిని తీయబోగా రాలేదు. ఎముక లోహమును తన భాగముగా చేసికొని పట్టియుండెను. ఆయన ఆ ఆటంకమును విసుగుతో విడువక, అందలి అర్థమును వెదకెను. టైటానియముపై గాలి సోకగనే ఏర్పడు పలుచని ఆక్సైడు పొర లోహమును చిలుము పట్టకుండ కాపాడును. ఎముకలోని జీవకణములు దానిని పరాయి వస్తువుగా నెట్టివేయక ఆనుకొని పెరుగును. 1965లో గోస్టా లార్సన్ అను రోగి క్రింది దవడలో ఆయన నాలుగు టైటానియపు మూలములను నాటెను. దవడలోపముతో పుట్టి, నమలుటకును మాటలాడుటకును బాధపడిన లార్సన్, 2006లో మరణించువరకు, నలుబది ఏండ్లు, ఆ మూలములతోనే భుజించెను. అయినను దంతవైద్యలోకము వెంటనే నమ్మలేదు. 1982లో కెనడాలోని టొరాంటో నగరమున జరిగిన సభలో ఏండ్ల తరబడి సేకరించిన ఫలితములు చూపిన తరువాతనే ఈ పద్ధతికి విస్తృతమైన అంగీకారము లభించినది. ఇట్టి లోహములు తెలుగువారికి దూరపువి కావు. 1973లో హైదరాబాదున నెలకొల్పబడిన మిశ్రధాతు నిగమము టైటానియపు మిశ్రలోహములను తయారుచేయుచున్నది.

నాటు విధానమును పులివెందుల చీనీతోటల రైతు సులభముగా గ్రహింపగలడు. చీనీ కొమ్మకన్నును వేరొక మొక్కపై అంటు కట్టినపుడు, కోత శుభ్రముగా నుండవలెను, కట్టు కదలరాదు, పట్టువరకు ఓపిక పట్టవలెను. దవడయందును ఇంతే. మత్తుసూది వేసి, చిగురును తొలగించి, ఎముకలో సన్నని రంధ్రము చేయుదురు. రంధ్రము చేయునపుడు చల్లని ఉప్పునీటిధారను పోయుచుందురు. ఎముక 47 డిగ్రీల సెంటీగ్రేడును మించి ఒక నిమిషము వేడెక్కినను అచ్చటి జీవకణములు చచ్చును, చచ్చిన ఎముక దేనిని పట్టదు. ఆ రంధ్రములో సుమారు 4 మిల్లీమీటర్ల లావును, 10 మిల్లీమీటర్ల పొడవును గల టైటానియపు మరను బిగింతురు. బ్రానెమార్క్ పద్ధతి ప్రకారము క్రింది దవడకు మూడు నెలలు, పైదవడకు ఆరు నెలలు దానిపై బరువు పడనీయరు. ఎముక పట్టిన పిదప, మరపై చిన్న స్తంభమును, స్తంభముపై పన్నును అమర్తురు. ఎముక గట్టిగానున్న కొందరికి ఇంతకంటె త్వరగా పన్ను పెట్టుటయు నేడు కలదు. అది వైద్యుడు చూచి నిర్ణయింపవలసినదే కాని రోగి తొందరపెట్టి సాధింపవలసినది కాదు.

తగినవారికి, తగినరీతిని నాటిన మూలములలో నూటికి తొంబదికి పైగా పదియేండ్ల తరువాతను నిలిచియుండును. నిలువనివి ఏల నిలువవు? చక్కెరవ్యాధి అదుపులో లేనివారికి పుండు మానదు, అంటు పట్టదు. బీడీ, సిగరెట్టు త్రాగువారిలో ఊడిపోవునవి త్రాగనివారికంటె సుమారు రెండింతలు. ఎముకలు గుల్లబారుటకు వాడు కొన్ని మందులవలనను, ముఖమునకు చేసిన కిరణచికిత్సవలనను దవడ మానుగుణము మారును. రక్తము పలుచబడు మందులు వాడువారు ఆ సంగతిని ముందే చెప్పవలెను. దవడ పెరుగుదల ముగియని పిల్లలకు నాటరాదు.

ఈ ప్రాంతమునకు ప్రత్యేకమైన సంగతి మరియొకటి కలదు. పులివెందుల వైపు కొన్ని పల్లెల బోరునీటిలో ఫ్లోరైడు హెచ్చుగా నున్నది. ఆ నీటివలన కలుగు జబ్బు భారతదేశమున తొలిసారి వైద్యపత్రికల కెక్కినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోని తెలుగుపల్లెలనుండియే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు దిక్కు లేనిచోట 1.5 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. ఈ జబ్బు పంటిపై గోధుమరంగు మచ్చలు వేయును, ఎముక తీరును మార్చును. ఇందు గుర్తుంచుకొనవలసినవి రెండు. మచ్చపడిన పన్ను చెడిన పన్ను కాదు. పెండ్లికూతురు నవ్వు తెల్లగానుండవలెనని గట్టిపన్నును పీకించి ఇంప్లాంటు నాటించుట తగని పని. ఆ నీరు త్రాగి పెరిగినవారు తమ ఊరి పేరును, నీటి సంగతిని వైద్యునికి ముందుగా తెలుపవలెను.

ఇక వైద్యుని ఎంచుకొనుట. ప్రొద్దుటూరులో బంగారము కొనువాడు దుకాణపు దీపకాంతిని చూచి కొనడు. గీటురాయిపై గీచి చూచును. పంటికిని గీటురాయి కలదు, అది ప్రశ్న. వైద్యుడు దంతవైద్యవిద్య చదివి రిజిస్టరులో పేరు నమోదైనవాడా? దవడయెముక లోతును ఎక్స్‌రే ద్వారా కొలిచినాడా? క్రింది దవడలో నరము, పైదవడపై గాలిగూడు ఎంత దూరమున నున్నవో చూచినాడా? నాటు మూలము పేరును, కొలతను కాగితముపై వ్రాసి యిచ్చునా? మొత్తము ఖర్చు మరకా, పంటితో కలిపియా? పట్టనిచో ఏమి చేయుదురు? ఈ ప్రశ్నలకు విసుగుకొనువాని వద్ద నోరు తెరువకుండుట మేలు. జమ్మలమడుగులో కాంబెల్ పేర నెలకొన్న మిషను ఆసుపత్రి వంటి పాత వైద్యశాలలు ఈ సీమకు తెచ్చిన గొప్ప పాఠము, ఉడికించిన పనిముట్టు లేక కత్తి పట్టరాదన్నది. తిరునాళ్లలో గొడుగు క్రింద కూర్చుండి గడియలో పన్ను అతికించువానికి ఆ పాఠము తెలియదు. అట్లు అతికించిన పంటి చుట్టును చిగురు కుళ్లి, పక్కపండ్లును పోవును. కడపలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు పోయి ఒకసారి చూపించుకొనుటకు అగు ప్రయాణపు ఖర్చు, ఆ నష్టముతో పోల్చిన స్వల్పము.

ఖర్చు మాట దాచదగినది కాదు. ఒక్కొక్క పంటికి ఒక్కొక్క మర నాటవలెనన్న, వర్షాధారపు రైతు పొలము తాకట్టు పెట్టవలసివచ్చును. అట్టి అగత్యము లేదు. 2002లో మాంట్రియల్ నగరములోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున సమావేశమైన నిపుణులు, క్రింది దవడ పూర్తిగా బోసిపోయినవారికి రెండు మూలములు నాటి, వానికి కట్టుడు పళ్లను గుండీవలె తగిలించుటయే మొదట ఎంచదగిన పద్ధతి యని తీర్మానించిరి. రెండు మరలతోనే లేచిపోవు పళ్లు నిలుచును, రొట్టె నమలవచ్చును. ఆ పాటి శక్తియు లేనివారికి చక్కగా కుదిరిన కట్టుడు పళ్లు గౌరవమైనవే. అప్పుచేసి నాటించుకొన్న పన్నుతో తిను కూడు రుచింపదు.

నాటిన పంటికి పిప్పి పట్టదు. కాని దాని చుట్టును చిగురు చెడును, చిగురు చెడిన ఎముక కరగును. సహజమైన పంటివేరు చుట్టును మెత్తని తంతువులు కలవు. అన్నములో రాయి తగిలినచో అవి వెంటనే తెలుపును. నాటిన వేరునకు ఆ స్పర్శజ్ఞానము లేదు. కావున ఉదయము, రాత్రి తోముకొనుట, ఏడాది కొకసారి యైన చూపించుకొనుట దీనికి నీరు పోయుటవంటివి. మరియు, ఉన్న పన్నును మించిన నాటిన పన్ను లేదు. పొగాకు, గుట్కా దవడన పెట్టు యువకులు ఈ మాటను చెవిని పెట్టవలెను.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము పదిమందిచేత చదివించినది. చదివినవాడు అడుగును, అడిగినవాడు మోసపోడు. తెలిసి, తరచి, ఓపికతో నాటించుకొన్న పంటివలన ఒక పెద్దమనిషి సాయంకాలము అరుగుపై కూర్చుండి, పక్కవాని చేతినుండి పత్రికను తిరిగి తీసికొని, దంత్యములు స్పష్టముగా పలుకునట్లు పదిమందికి చదివి వినిపించినచో, ఆ విద్య ఈ సీమకు వచ్చినందుకు ఫలము దక్కినట్లే.