చూచు కన్ను - దాచు పెట్టె

2019 నవంబరు 11వ తేదీ ఉదయము కాచిగూడ స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. బండి హంద్రీ ఎక్స్‌ప్రెస్సును ఢీకొనెను. క్యాబినులో చిక్కుకొన్న డ్రైవరును గంటలకొలది శ్రమించి వెలికి తీసిరి. కాని కొలది దినములకే ఆయన కన్నుమూసెను. ఆ ఘోరక్షణము స్టేషనులోని నిఘా కెమెరాకు చిక్కినది. కెమెరా ఆపదను ఆపలేదు, జరిగినదేమో చెప్పగలదు. అదియు, దానిని సరిగా అమర్చినప్పుడే.

నేడు చిక్కడపల్లి, నారాయణగూడలలో దుకాణపు గుమ్మమున, అపార్టుమెంటు మెట్లకడ కెమెరా కనబడుచునే యున్నది. కన్ను బిగించినవారు, చూచినదానిని దాచు రికార్డరు పెట్టెను మరచుట కద్దు. కనుక దానిని గురించియే మేము శ్రోతలకు మనవి చేయదలచితిమి.

కెమెరాలు రెండు తెఱగులు. మొదటిదాని తీగ నేరుగా పెట్టె వెనుకనున్న తన రంధ్రమున చేరును. రెండవది నెట్‌వర్కు కెమెరా. దానికి అంకెలలో ఒక విలాసముండును. ఒకే నంబరు గల రెండిండ్లకు ఉత్తరము తారుమారగునట్లే, రెండు కెమెరాలకు ఒకే విలాసమిచ్చినచో బొమ్మ నిలువదు. వేర్వేరు కంపెనీల పరికరములు ఒండొంటితో పొసగుటకై 2008లో ఆన్‌విఫ్ అను ఏర్పాటు వెలసినది. కొనునప్పుడు ఆ పేరున్నదేమో చూడుడు. కంపెనీవారిచ్చిన పాస్‌వర్డును మొదటి దినముననే మార్చుడు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. కెమెరాలోను 50 అనియే ఎన్నుకొనవలెను. లేనిచో ట్యూబులైటు వెలుగున బొమ్మ రెపరెపలాడును.

ఇక లెక్క. సెకనుకు 2 మెగాబిట్లు పంపు కెమెరా దినమునకు 21.6 గిగాబైట్లు నింపును. నాలుగు కెమెరాలకు 30 దినములకు సుమారు 2,600 గిగాబైట్లు కావలెను. 1,000 గిగాబైట్ల డిస్కు పదునొకండు దినములకు మించి చాలదు. అటుపై పెట్టె పాతదానిని చెరిపి క్రొత్తది వ్రాయును. జనము గుంపుగా చేరు సంస్థలు దృశ్యములను 30 దినములు దాచవలెనని 2013 నాటి ప్రజాభద్రతా శాసనము విధించినది. పదునైదవ నాడు పోలీసువారు వచ్చి అడిగిన, ఆ చిన్న డిస్కు ఏమి చూపగలదు?

గడియారమును సరిచేయుడు, వేళ తప్పిన సాక్ష్యమునకు విలువ తగ్గును. ప్రతి కెమెరాకును "గేటు", "మెట్లు" అని పేరు వ్రాయుడు. పొరుగువారి కిటికీవైపు కెమెరాను త్రిప్పకుడు. మన భద్రత వారి మానమునకు భంగము కారాదు. నెలకొకమారు పాత దృశ్యమును తెరచి చూడుడు. దీపము వెలుగుచున్నంత మాత్రమున పెట్టె పనిచేయుచున్నదని నమ్మరాదు.