ఫైలు పట్టుకున్న పిల్లలు

విశాఖలో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో, కేజీహెచ్‌లోనో చూడండి. నాన్న పక్కన ఫైలు పట్టుకుని నిలబడ్డది ఒక్కోసారి ఇంటర్ చదివే కూతురే. మందుల వేళలు, స్కానింగు చీటీలు, ఉచిత వైద్యం కాగితాలు చూసే ఆరోగ్యమిత్ర కూర్చునే చోటు అన్నీ ఆ పిల్లకే తెలుసు. "బంగారు తల్లి" అని మెచ్చుకుని వెళ్ళిపోతాం. మెప్పుతో నిద్ర తీరదు కదా!

ఇలాంటి పిల్లలకు ఏం సాయం కావాలో స్థానిక అధికారులే కనుక్కోవాలని ఇంగ్లండ్‌లో 2014లో చట్టమే చేశారు. ఇక్కడ అందేవి చెబుతాను. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఏ వేళయినా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మనసులో బరువు చెప్పుకోవచ్చు. 18 ఏళ్ళలోపు వారికి పిల్లల సహాయవాణి 1098 ఉంది. చదువు ఆగితే ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ రాయొచ్చు. ఇక స్టీల్‌ప్లాంటులోనో, పోర్టులోనో షిఫ్టు దిగిన మేనమామ ఓ పూట మంచం దగ్గర కూర్చుంటే, ఆ పిల్ల పరీక్షకు చదువుకుంటుంది.