వ్యాయామశాలకు అధికారి యెవరు?



మనవారిలో నొక యువకుడు హుజూర్‌నగరమున చిన్న వ్యాయామశాలను స్థాపింప నుద్యుక్తుడై, మన పోషకులలో నొకరిని ఋణము వేడియున్నాడు. వారు మా యభిప్రాయ మడిగిరి. బడిపంతులకు కసరత్తు సంగతి యేమి తెలియునని కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు.

శాస్త్రగ్రంథారంభమున విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాల్గింటిని చెప్పుట పూర్వుల యాచారము. అధికారి యనగా ఉద్యోగి కాడు, ఆ శాస్త్రమునకు తగినవాడు. యువకుడు చూపిన కాగితమున యంత్రములు, అద్దములు, అద్దె, లాభము, అన్నియు నున్నవి. అధికారి మాత్రము లేడు. ఎవరు వత్తురు నాయనా యని యడిగితిమి. "అందరు వస్తరు సారూ" అనెను.

ఆ మాటకు మాకు భయము కలిగినది. ఉద్యోగ విరమణానంతరము మేమును ఇంటి యరుగుపై సాయంకాల పాఠము పెట్టి, వచ్చినవారి నెల్ల చేర్చుకొంటిమి. మార్కులు కోరువాడును, శ్లోకము నేర్వగోరు ముదుసలియు, తల్లి పోరు పడలేక వచ్చిన బాలుడును ఒక్క చాపమీద కూర్చుండిరి. మూడు నెలలలో చాప మాత్రము మిగిలినది.

వాగ్భటుడు అష్టాంగహృదయమున వ్యాయామమువలన శరీరలాఘవము, పనిచేయు శక్తి, జఠరాగ్నిదీప్తి, మేదఃక్షయము కలుగునని చెప్పి, వెంటనే వాతపిత్తరోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణము గలవారు మానవలె ననెను. బలవంతుడును తన శక్తిలో సగమే వెచ్చింపవలెనట. తగనివానిని గుమ్మముకడనే గుర్తించుట యెంత ముఖ్యమో చూడుడు. వృద్ధుల విషయమున మాత్రము మేము వాగ్భటుని విడిచితిమి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యమశ్రమయు, రెండు దినములు కండరములకు పనియు, 65 ఏండ్లవారికిని ఆపైవారికిని మూడు దినములు తూలిపడకుండు సాధనయు విధించినది. మా మోకాళ్లును ఆ పక్షమే.

ఇక మన పట్టణము. 2016 వఱకు నల్లగొండ జిల్లాలోను, నాటినుండి సూర్యాపేట జిల్లాలోను ఉన్నది. సాగరు ఎడమకాలువ క్రింద వరి, ఊరిచుట్టు బియ్యపుమిల్లులు, సమీపమున సిమెంటు కర్మాగారములు. మిల్లులో బస్తాలు మోయువానికి బరువెత్తుట నేర్పబోవుట హాస్యాస్పదము. కాని గల్లాపెట్టెకడ దినమంతయు కూర్చుండు వర్తకుడు, నడుమునొప్పితో బాధపడు ఉపాధ్యాయిని, మధుమేహ మని తెలిసి బెదరిన నలుబదియేండ్ల గుమాస్తా, వీరికి తావేది? అద్దములముందు కండలు చూచుకొను కుఱ్ఱవాండ్రనడుమ వీరు నిలువలేరు. మేమే యొకచోట నాలుగవనాడు మానితిమి. రుసుము తిరిగి రాలేదు.

కావున పదిమందికి మించని చిన్నశాల ఇట్టివారికే తగును. రుసుము పుచ్చుకొనక ముందే రోగము, మందులు, వయస్సు అడుగవలెను. అవసరమైనచో వైద్యునికడకు పంపవలెను. వారము దినములు ఊరక చూడనిచ్చి, తగనివానికి తగినచోటు చెప్పి పంపవలెను. స్త్రీలకు వేఱువేళయు, నేర్పుటకు స్త్రీయు ఉండవలెను. సగము ధర యని చాటించినచో ధరకై వచ్చువాడే వచ్చును. ఇంకొకచోట అణా తగ్గినచో వాడే పోవును. నడుమునొప్పి తగ్గిన ఉపాధ్యాయిని మాత్రము తన బడిలో మఱి ఇద్దఱికి చెప్పును.

మల్లయోధులగు కోడి రామమూర్తి నాయుడుగారి (1882–1942) పటమును వీధిగుమ్మమునకు కట్టుదునని యువకుడనెను. ఆ మహనీయునిపై మాకెంతయో గౌరవము. అయినను ఆ పటము చూచి గొలుసులు త్రెంపగోరువాడు లోనికి వచ్చును, గుమాస్తా బెదరి వెనుదిరుగును. లోపల పెట్టుకొమ్మంటిమి.

మిగిలినది కష్టమైన మాట. మనవారికే ప్రవేశమను షరతుపై ఋణమిత్తుమని పోషకులు సెలవిచ్చిరి. వారి యభిమానము మెచ్చదగినదే. కాని ఆ ఊర మన యిండ్లెన్ని? అందు వ్యాయామము కోరువారెందఱు? ఈ షరతుతో తలుపు తెఱచినచో ఏడాదిలో శాలయు మూతపడును, ఋణమును మునుగును, అప్పులపాలగువాడును మన బాలుడే. మధుమేహము కులమడిగి రాదు. షరతు విడువుడని సభాముఖమున ప్రార్థించుచున్నాము. ఆ పోషకులు మా యెదుటి వరుసలోనే యున్నారు.

యువకుడు నిన్నరాత్రి తన కాగితమున నాల్గవ పంక్తి వ్రాసి తెచ్చెను. దానిని అధ్యక్షులవారి చేతికిచ్చుచున్నాము.