పాత పడవ మోటారులో నిప్పురవ్వ

సముద్రం లేని రాజపాళయంలో పడవ మోటారు ముచ్చటేమిటని నవ్వకండి. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన జాతిది. మాది 1950ల నాటిది, రెండు సిలిండర్లది. తూత్తుకుడిలో పెదనాన్నగారు నడిపేవారు. ఆయన వినికిడి పూర్తిగా పోకముందే ఒక్కసారి దాని చప్పుడు వినిపించాలని మేం అన్నదమ్ములం పూనుకున్నాం.

తాడు లాగితే ప్లగ్గుల్లో రవ్వ లేదు. ఇందులో బ్యాటరీ ఉండదు. ఫ్లైవీలులోని అయస్కాంతం కాయిల్ పక్కగా తిరుగుతుండగా, పాయింట్లు విడిన క్షణాన రవ్వ పుడుతుంది. ఫ్లైవీలును సుత్తితో కొట్టి తీయబోయాం! "పుల్లరు పెట్టండిరా, షాఫ్టు పాడవుతుంది" అని పెదనాన్నగారు కేకలేశారు. పాయింట్లూ కండెన్సర్లూ మార్చి, పాయింట్ల సందు 0.020 అంగుళానికి సరిచేశాం. మోటారు పలికింది, వేడెక్కగానే ఆగింది. పిసినారితనానికి పోయి పాత కాయిళ్లనే ఉంచాం మరి! వాటి పైపూత పగిలి ఉంది; వేడికి కరెంటు ఆ పగుళ్లలోంచే జారిపోయింది. అవీ మార్చాం.

నీళ్లు లేకుండా నడిపితే పంపులోని రబ్బరు చక్రం పాడవుతుంది. అందుకని డ్రమ్ము నిండా నీళ్లు పోసి మోటారును అందులోకి దించాం. మూడోసారి లాగేసరికి అందుకుంది. పెదనాన్నగారు డ్రమ్ము మీద చెయ్యి ఆనించి, "ఒక సిలిండరే పలుకుతోందిరా" అన్నారు.

చూస్తే, రెండో ప్లగ్గు తీగె వదులుగా ఉంది.