ప్లీడరుగారితోఁ దొలి సంప్రదింపు

గ్రామపెద్దలారా!

వ్యాజ్యము వచ్చినపుడు మనవారు ప్లీడరుగారిని జూచుటకు దినము నిర్ణయించుకొందురు. ఆ దినమున వరినాట్లో, పెండ్లియో యడ్డమురాఁగా కబురైనను బంపక యూరకుందురు. వర్తకునకు సరకెట్లో, ప్లీడరునకుఁ గాలమట్లు. మీకై యుంచిన గంట మఱియొక కక్షిదారునకును దక్కకపోవును. అందుచేతనే కొందఱు తొలి సంప్రదింపునకు ముందుగానే ఫీజు పుచ్చుకొందురు. ఇది యన్యాయము గాదు.

అయినను ఆ సొమ్మెంత, రాలేనిచోఁ దిరిగి యిత్తురా, వ్యాజ్యము చేపట్టినచో మొత్తము ఫీజులోఁ జెల్లువేయుదురా యని ముందే యడిగి, రసీదు పుచ్చుకొనుఁడు. గెలిచిన సొమ్ములో భాగమిచ్చు బేరమును బార్ కౌన్సిల్ నియమములు నిషేధించినవి.

పోలేకున్న ముందునాఁడే తెలిపి, వెంటనే వేఱొక దినము కోరుఁడు. జాగుచేసిన నష్టము మనదే. సివిలు డిక్రీపై జిల్లాకోర్టున నప్పీలునకు గడువు 30 దినములే.

ఫీజునకు వెఱచి పేదలు మానరాదు. 1987 నాఁటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూలు కులములవారికి, తెగలవారికి ఆదాయముతోఁ బనిలేకయే యుచిత సహాయము కలదు. ఇతర పేదలకు ఆదాయ పరిమితినిబట్టి లభించును. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నడుగుఁడు.

రచ్చబండకడ మీ మాటకు విలువ కలదు. ఈ సంగతి యూరివారికిఁ దెలుపుఁడు. సెలవు.