పిల్లల వైద్యశాలలో తప్పిపోవు తారీఖులు
(మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, బాలికల చదువును గూర్చియు ఈ వేదికపై తాము పెక్కుమారులు వినియున్నారు. నేడు మేము విన్నవించునది వైద్యుడు మరల రమ్మనిన దినమున బిడ్డను కొనిపోకుండుటను గూర్చి.

మా బంధువర్గమున నొక శిశువు వంకరపాదముతో జనించెను. దీనికి పాన్సెటి పద్ధతి యను చికిత్స గలదు. వారమునకొక పిండికట్టు మార్చుచు, సామాన్యముగా అయిదాఱు కట్లతో పాదమును క్రమముగా సరిచేయుదురు. పిదప కమ్మీతో గూడిన బూట్లను మూడు మాసములు రేయింబవళ్లును, ఆమీద నాలుగేండ్ల వయస్సు వచ్చువఱకు నిద్రవేళలందును తొడుగవలెను. నడుమ విడిచినచో పాదము మరల లోనికి తిరుగును.

మూడవ కట్టునకు పోయిన దినమున, పేరు చెప్పనక్కఱలేని యొక ఆసుపత్రిలో, వైద్యుడు సెలవులో నుండెను. పైవారము రమ్మనిరి. పైవారమునకు తల్లిదండ్రులు బిడ్డతో సుగ్గికి, గుంటూరు మిరపచేలకు, పోయియుండిరి. కట్టును అక్కడనే నానబెట్టి యూడదీసిరట. రెండు మాసములకు తిరిగివచ్చునప్పటికి పాదము మునుపటివలెనే యుండెను. అందఱును తల్లిని నిందించిరి. మేమును నిందించితిమి, నేడు సిగ్గుపడుచున్నాము.

కోసిగి, కౌతాళము ప్రాంతములనుండి కర్నూలు పెద్దాసుపత్రికి ప్రొద్దుటి ఓ.పి. వేళకు చేరుట యెట్లో తమకు తెలియనిదా? 2025 ఆగష్టు 15వ తేదీనుండి స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో చార్జీ లేదు, మేలే. కాని పోయిన దినకూలి నెవరిత్తురు? ముందురాత్రి యెక్కడ పరుండవలెను?

పూర్వపు కడప జిల్లాలోని రాయచోటి ప్రాంతమున చిక్కు వేఱు. బిడ్డ అవ్వ యొద్ద నుండును; చీటీపై వ్రాయించిన ఫోను నంబరు కువైటులోనున్న తండ్రిది! ఆసుపత్రివారు జ్ఞాపకము చేసినను ఆ మాట సముద్రము దాటిపోవును, అవ్వ చెవి సోకదు.

తారీఖును ముందుగా ఫోను సందేశముతో జ్ఞాపకము చేసినచో వచ్చువారి సంఖ్య పెరుగునని కాక్రేన్ సంస్థవారు 2013లో ప్రకటించిన సమీక్ష తెలుపుచున్నది. ఐతే ఫోను రెండువైపుల పలుకవలెను. వైద్యుడు రానిదినమున ఆసుపత్రివారును ముందురోజే తెలుపవలదా? అధికారులకు ఈ విన్నపము మనము పంపుకొందము.

మన చేతిలోని పనులు వేఱు. కర్నూలు వసతిగృహమున రెండు గదులు, ముందురాత్రి వచ్చు తల్లుల కొఱకు, పోషకులు విడిపింపవలెను. ఊరికొక యువకుడు చీటీలలోని తారీఖులు వ్రాసికొని, బిడ్డ యెవరియొద్ద నున్నదో వారి యింటికే ముందునాడు పోయి చెప్పవలెను. సుగ్గికి పోవువారు బయలుదేరకమున్నే తారీఖు మార్పించుకొనునట్లు చూడవలెను. అక్కడి సమీప ఆసుపత్రికి చీటీ వ్రాయించి యిచ్చుట మఱింత మంచిది.

భోజనానంతరము పందిరి తూర్పువైపున పేర్లు వ్రాసికొందుము. పడమటి మండలములవారు మొదట రావలెను. సుగ్గిబండ్లు సంక్రాంతికి మునుపే కదలును.